మూడో గడిలో పద్దెనిమిది

ఆ వేసవిలో నా కూతురి మీద నాకు మొదటి అనుమానం దాని యూనిఫారం మడతల దగ్గర వచ్చింది.

నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. మనిషి రోజంతా ఏం చేసిందో మొహం చెప్పకపోయినా బట్ట చెబుతుంది. కూర్చున్నవాళ్ళకి నడుం కింద అడ్డంగా ముడతలు పడతాయి, తిరిగినవాళ్ళకి మోకాళ్ళ వెనక పడతాయి. జబ్బు రెండోసారి ఊరి మీద పడ్డ ఆ నెలల్లో నర్సింగు మూడో ఏడాది పిల్లలందరికీ క్లాసులు మాన్పించి ఆసుపత్రి డ్యూటీలు వేశారు. ఇన్ని గంటలని వార్డులో పనిచేస్తేనే సర్టిఫికెట్ అన్నారు. హాస్టల్లో మంచాలు రోగులకి కావలసి వచ్చాయి కాబట్టి, ఊళ్ళో ఇల్లున్న పిల్లలు ఇంటి నుంచే వెళ్ళి రావాలి. మా అమ్మాయి పొద్దున ఏడింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండున్నరకి వచ్చేది. మొదటి నెలంతా దాని యూనిఫారం పిండితే నీళ్ళు కారేవి. ప్లాస్టిక్ గౌను లోపల ఆరేడు గంటలు ఉడికి వచ్చేది మరి. గుమ్మం బయట బకెట్లో వేసిన ఆ బట్టని నేను కర్రతో ముంచి తీసేదాన్ని.

రెండో నెల మధ్యలో ఒకరోజు చూద్దును కదా, పొద్దున నేను ఇస్త్రీ చేసిన మడత చేసినట్టే ఉంది. చంకల్లో తడి లేదు. నడుం కింద మాత్రం అడ్డంగా నాలుగు ముడతలు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఇవాళ పని తక్కువగా ఉందా?" అన్నాను, దాని చేతుల మీద సబ్బునీళ్ళు పోస్తూ.

"మామూలే."

"మరి చెమట పట్టినట్టు లేదే."

అది చేతులు రుద్దుకోవడం ఆపి, మళ్ళీ రుద్దుకుంది. "ఫ్యాను బాగుచేశారు."

ప్లాస్టిక్ గౌను లోపలికి ఏ ఫ్యాను గాలి దూరుతుందో నేను అడగలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల ఇంట్లో అబద్ధం ఆడిందంటే తల్లికి ముందుగా తట్టేది ఒకటే. డ్యూటీ ఎగ్గొట్టి ఎవడితోనో ఎక్కడో కూర్చుంటోందని తీర్మానించేసుకున్నాను. ఆ రోజు నుంచి ఆరాలు మొదలుపెట్టాను. ఫోను మోగితే మిషను ఆపేదాన్ని. వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసేదాన్ని. దాని క్లాసులో పొడుగమ్మాయి ఒకతె ఉంది, మా ఇంటికి వచ్చి గుమ్మానికి తల కొట్టుకోకుండా వెళ్ళింది లేదు. ఆ పిల్లకి ఫోను చేశాను.

"మా అమ్మాయి చున్నీ మర్చిపోయింది తల్లీ. ఇవాళ డ్యూటీకి వచ్చిందా?"

"వచ్చింది ఆంటీ."

"నిన్న?"

అవతల ఒక క్షణం ఏమీ వినపడలేదు. "రోజూ వస్తోంది ఆంటీ. ఎందుకు?"

ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని నేను రెండు రోజులు నమిలాను.

మా అత్తగారు వెనక గదిలోంచి అన్నీ వింటూనే ఉండేది. ఆవిడకి డెబ్బై నాలుగు. మోకాళ్ళు పనిచేయవు, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, చెవులు మాత్రం పాము చెవులు.

"పిచ్చుక మీద కూపీలు లాగుతున్నావేంటే?" అంది. గింజ గింజా ఏరుకుని తినే అలవాటని చిన్నప్పుడు ఆవిడే పెట్టింది మా అమ్మాయికి ఆ పేరు. "అనుమానం నీకు పుట్టుకతో వచ్చింది. పెళ్ళైన కొత్తలో నా కొడుకు చొక్కాలు వాసన చూసేదానివి."

"వాసన చూడలేదు అత్తయ్యా. ఉతికేదాన్ని."

"ఉతికే ముందు చూసేదానివి."

చివరికి ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేశాను. అది ముందు గదిలో కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ గది దానికి ఒక్కదానికే వదిలేశాం, గుమ్మం ఇవతల నేను.

"ఎవరే అతను?"

"ఎవరు?"

"అది నువ్వే చెప్పాలి."

కాసేపటికి దానికి అర్థమైంది. నవ్వింది. నెల రోజుల్లో దాని నవ్వు వినడం అదే మొదలు. "ప్రేమా? అమ్మా, నిన్న పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని, ఎందుకు పెట్టుకున్నానో తెలీక పావుగంట నిలబడ్డాను. నన్ను ప్రేమించేవాడెవడైనా ఉంటే ముందు వాణ్ణి డాక్టరుకి చూపించాలి."

నేనూ నవ్వాను. నమ్మలేదు. కంచంలో అన్నం అలాగే చల్లారిపోవడం, తల దువ్వుకోకుండా రిబ్బను బిగించేసుకోవడం, పిలిస్తే రెండోసారికి గానీ పలకకపోవడం అన్నీ నా కంటబడ్డవే. వాటన్నిటినీ తెచ్చి నేను కనిపించని కుర్రాడి ఖాతాలో వేసేశాను.

ఆ వారమే అత్తగారికి జ్వరం వచ్చింది.

పరీక్షలో జబ్బేనని తేలింది. ఆసుపత్రిలో కాలు పెట్టే చోటు లేదు, ఇంట్లోనే ఉంచండి, ఊపిరి కష్టమైతే అప్పుడు తీసుకురండి అన్నారు. వేలికి తగిలిస్తే ఒంట్లో గాలి ఎంతుందో చెప్పే మిషను కోసం మా ఆయన నాలుగు మందుల షాపులు తిరిగాడు. ఒక్కటీ దొరకలేదు. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్, పొద్దున స్తంభం ఎక్కితే దిగేది సాయంత్రమే.

"మనకి మిషనెందుకు, ఇంట్లోనే నర్సమ్మ ఉండగా," అన్నాడు కూతురి వంక చూసి. అది తల వంచుకుంది. సిగ్గు అనుకున్నాను.

ఆ రోజే అది నియమాలు పెట్టింది. వెనక గదిలోకి నేను వెళ్ళకూడదు. పదిమంది బట్టలు ముట్టుకునే చేతులు నావి, జబ్బు అటూ ఇటూ మోస్తానట. గిన్నె గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి రావాలి. తను మాత్రం ముక్కుకీ నోటికీ కట్టుకుని రోజుకి మూడుసార్లు నానమ్మని చూస్తుంది. ఒక నోటుబుక్కులో స్కేలు పెట్టి మూడు గడులు గీసింది. మొదటిది జ్వరం, రెండోది నాడి, మూడోది ఊపిరి. నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెట్టి రాయాలి. పన్నెండుకీ ఇరవైకీ మధ్య ఉంటే భయం లేదు, పాతిక దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలి అని వాళ్ళ నాన్నకి వివరంగా చెప్పింది. ఆ పుస్తకాన్ని గుమ్మం పక్క మేకుకి దారంతో వేలాడదీసింది.

ఆయన రోజూ పనికెళ్ళేముందు దాన్ని తెరిచి చదివేవాడు. "పద్దెనిమిది. చూశావా? మనకి కూడా అంత చక్కగా ఉండదు," అని నాకు చూపించి, నిశ్చింతగా బూట్లేసుకునేవాడు.

ఆరో రోజున నేనూ ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. కుర్రాడి సంగతి ఏ మూలైనా రాసుకుందేమోనని వెనక పేజీలు తిప్పాను. ఏమీ లేదు. ముందు పేజీకి వచ్చాను. చదువుతుంటే వేలు ఒకచోట ఆగిపోయింది.

మొదటి గడిలో అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నూటొకటి పాయింట్ రెండు, తొంభై తొమ్మిది పాయింట్ ఏడు, నూరు పాయింట్ నాలుగు. రెండో గడిలో ఎనభై, డెబ్బై ఎనిమిది, ఎనభై, ఎనభై. మూడో గడిలో పద్దెనిమిది, పద్దెనిమిది, ఇరవై, పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది. జ్వరం నూటొకటి ఉన్న పూటా పద్దెనిమిదే, తగ్గిన పూటా పద్దెనిమిదే.

ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని టేపు పెట్టి కొలుస్తున్నాను. ఏ ఒళ్ళూ సాపుగా ఉండదు. కుడి భుజానికీ ఎడమ భుజానికీ పావంగుళం తేడా ఉంటుంది. పొద్దున కొలిచిన నడుం భోజనం చేశాక కొలిస్తే అరంగుళం పెరుగుతుంది. కొలిచిన అంకెలు ఎప్పుడూ గతుకులుగా ఉంటాయి. నున్నగా ఉన్నాయంటే కొలవలేదని. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. పని నేర్చుకునే రోజుల్లో, స్కూలు యూనిఫారాలకి అరవైమంది పిల్లల్ని కొలవమని పంపితే, ఇరవైమందిని కొలిచి మిగతావాళ్ళవి కంటిచూపుతో రాసేసినదాన్ని నేను. దొంగ అంకె ఎలా ఉంటుందో అందుకే తెలుసు.

పుస్తకం మేకుకి తగిలించాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. కడుక్కుంటూ నన్ను నేనే తిట్టుకున్నాను. కన్నకూతురు, పైగా చదువుకున్న పిల్ల, సొంత నానమ్మ విషయంలో అలా చేస్తుందా అని. అయినా ఆ మధ్యాహ్నం అది డ్యూటీ నుంచి రాగానే, కుట్టు మిషను ముందు కూర్చుని పెడల్ ఊరికే తొక్కుతూ చెవులు అటు వేశాను. అడుగుల చప్పుడు వెనక గది గుమ్మం దాకా వెళ్ళింది. స్టూలు మీద థర్మామీటరు పెట్టిన చప్పుడు. "పెట్టుకో నానమ్మా." కాసేపటికి అత్తగారి కర్ర స్టూలుకి తగిలిన చప్పుడు. తర్వాత పెన్ను గీత. అడుగులు వెనక్కి వచ్చేశాయి.

లోపలికి వెళ్ళిన అడుగు ఒక్కటీ లేదు.

వెనక గది కిటికీ మేం బట్టలారేసే పెరట్లోకి ఉంటుంది. తడి దుప్పటి ఒకటి భుజాన వేసుకుని వెళ్ళి తీగ మీద పరిచి, దాని వెనక నిలబడ్డాను. నియమం గదిలోకి వెళ్ళకూడదని, కిటికీలోంచి చూడకూడదని కాదు. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. కప్పుకున్న బట్ట వీపు మీద లేస్తోంది, పడుతోంది. చేతి గడియారం చూసుకుంటూ మొదలుపెట్టాను. సగం నిమిషానికే పదిహేను దాటింది. తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి పెదాలు కదుపుతూ, నిమిషం నిండేదాకా చూశాను.

ముప్పై ఒకటి.

ముందు గది గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అది యూనిఫారంతోనే చాప మీద పడి నిద్రపోతోంది.

"లే."

లేచింది.

"నానమ్మ ఊపిరి ఎంత ఉంది ఇందాక?"

"పద్దెనిమిది."

"ఎంత రాశావని అడగడం లేదు. ఎంత లెక్కపెట్టావు?"

అది నా వంక చూసింది. అబద్ధం వెతుక్కుంటుందని ఎదురుచూశాను. వెతుక్కోలేదు. అంత ఓపిక కూడా మిగిలినట్టు లేదు.

"లెక్కపెట్టలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై ఆరో నంబరు మంచం నుంచి," అంది. నాకేం అర్థమవుతుందని కూడా చూసుకోలేదు. "జ్వరం థర్మామీటరు చెబుతుందమ్మా. నాడి వేలికి తగులుతుంది. ఊపిరి ఒక్కటే, ఊరికే నిలబడి చూడాలి. నిమిషం నిండా. ఇంకో పని చెయ్యకూడదు. ఆ మంచం మీద ఒకాయన ఉండేవాడు, తాళాలు బాగుచేస్తాడట. లెక్కపెడుతున్నాను. పదకొండు దాకా వచ్చింది. పన్నెండు కోసం చూస్తున్నాను. ముల్లు తిరుగుతోంది, నేను చూస్తూనే ఉన్నాను. నిమిషం అయిపోయేదాకా ఎవర్నీ పిలవలేదు. అయ్యాక పదకొండు అని రాశాను. రాసిన తర్వాత పిలిచాను."

"ఆ తర్వాత?" అన్నాను.

"ఆ తర్వాత ఎవరి గుండెల వంకా చూడలేకపోతున్నాను. మందులిచ్చి వచ్చేస్తాను. బట్టల గదిలో కూర్చుని నలభై మందికీ రాసేస్తాను. పద్దెనిమిది రాస్తే ఎవరూ ఏమీ అడగరు. నేనొక్కదాన్నే కాదు, అందరం అంతే. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు."

"మరి నానమ్మకి?"

"నానమ్మకి అసలు చూడలేను. గుమ్మం దాకా వెళ్తాను. తనే చెయ్యి ఊపుతుంది, వెళ్ళి పడుకోవే అని."

కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండింటికీ మధ్య ఆ గుమ్మం ఉంది. "ముప్పై ఒకటి ఉంది," అన్నాను. "నేను రెండుసార్లు చూశాను."

ఆ మాటతో దానిలో ఏదో మీట నొక్కినట్టయింది. మొహానికి కట్టుకుని, ఆరు రోజుల్లో మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళింది. అత్తగారిని లేపి కూర్చోబెట్టి, ముందు నాలుగు దిళ్ళు పేర్చి వాటి మీదికి వంచింది. పెదాలూ గోళ్ళూ చూసింది. "నాన్నకి ఫోను చెయ్యి. అంబులెన్సు కోసం చూడొద్దు. ఆఫీసు వ్యాను తెమ్మను."

ఆసుపత్రి ముందు వేసిన పందిరి కింద వరసలో గంట కూర్చున్నాం. బల్ల వెనక డాక్టరమ్మ, నా కూతురికంటే అయిదారేళ్ళు పెద్దదేమో. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అత్తగారి వేలికి మిషను తగిలించి చూసి, కనుబొమలు ముడిచింది.

"ఆయాసం ఎప్పటి నుంచి?"

మా ఆయన ముందుకి వచ్చాడు. "అంతా రాసి ఉందండీ," అన్నాడు పుస్తకం బల్ల మీద పెడుతూ. "మా అమ్మాయి ఇక్కడే నర్సింగు మూడో ఏడాది. రోజుకి మూడుసార్లు చూసింది. ఇవాళ మధ్యాహ్నం దాకా పద్దెనిమిదే."

డాక్టరమ్మ పేజీలు తిప్పింది. "అంటే ఈ పూటే మొదలైందన్నమాట," అని కాగితం మీద రాయడం మొదలుపెట్టింది.

నాకు తెలుసు. నోరు తెరవలేదు. ఆయన అక్కడున్నాడు, వెనక బల్ల దగ్గర కాలేజీ ట్యూటరు మేడమ్ నిలబడి ఉంది, పిల్ల సర్టిఫికెట్ ఆవిడ సంతకం మీద ఉంది. ఒక్క పూటలో ఎక్కే జబ్బే కదా, డాక్టర్లు చూసుకుంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను.

"కాదు డాక్టర్," అంది మా అమ్మాయి. గొంతు పెద్దగా లేదు. "రెండో గడి, మూడో గడి చూడకండి. అవి నేను లెక్కపెట్టలేదు."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఆయన మొదట కూతురి వంక కాదు, పుస్తకం వంక చూశాడు. తర్వాత మొహానికున్న గుడ్డ సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

చక్రాల కుర్చీలోంచి మా అత్తగారు చెయ్యెత్తింది. "అది వచ్చింది... చెయ్యి పట్టుకుని... చూసింది..." అంటోంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. మనవరాలి కోసం ఆవిడ అబద్ధమాడటం నేను అంతకుముందూ చూశాను గానీ, అంత ఖరీదైన అబద్ధం చూడలేదు.

"మీరు మాట్లాడకండమ్మా," అంది డాక్టరమ్మ. మా అమ్మాయి వైపు తిరిగి, "మరి ఎప్పటి నుంచి?" అంది.

"తెలీదు."

అప్పుడు కదిలింది నా నాలుక. "నాలుగు రోజుల కిందట గిన్నె సగం వదిలేసింది. అంతకుముందు వదిలేది కాదు. మొన్నటి నుంచి తిట్టే తిట్టు మధ్యలో ఆపి మళ్ళీ అందుకుంటోంది. నిన్న కర్ర తీసుకోవడానికి రెండుసార్లు ఆగింది."

డాక్టరమ్మ రాసిన లైను కొట్టేసి, మూడు రోజులు అని రాసింది. ఏదో ఇంజెక్షను పేరు కూడా మార్చింది. ఆ మార్పుతో ఏం తేడా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ట్యూటరు మేడమ్ నన్నూ పిల్లనీ పిలిపించింది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆవిడది, కళ్ళజోడుకి గొలుసు. బల్ల నిండా వార్డు కాగితాలు పరిచి ఉన్నాయి.

"మీ బ్యాచి రాసినవి చదివితే నలభై మంచాల మీదా ఒకే మనిషి పడుకున్నట్టుంది," అంది.

నేను ఆ కాగితాల అడుగున చూశాను. ప్రతి దాని మీదా సంతకం ఉంది. అన్నీ ఆవిడవే.

"మీకు ముందే తెలుసా మేడమ్?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఏం చెయ్యమంటారు? నా చేతిలో పదకొండు మంది పిల్లలు. వీళ్ళని నిలదీస్తే ఇంటికి పోతారు. పోతే మందులిచ్చేవాళ్ళు కూడా ఉండరు." సొరుగులోంచి ఒక ఫారం తీసింది. "మూడు వారాలు సెలవు రాస్తాను. జ్వరం అని పెడతాను. గంటలు పోవు, తోటివాళ్ళతో పాటే సర్టిఫికెట్ వస్తుంది."

నా ప్రాణం లేచి వచ్చింది. ఇందులో మెలికేమైనా ఉందా అని ఆవిడ మొహం కూడా చదివాను. మెలికేం కనపడలేదు. ఆవిడా అలిసిపోయి ఉంది, అంతే.

"నాకు జ్వరం లేదు మేడమ్," అంది మా అమ్మాయి.

దాని మోచెయ్యి గిల్లాను. కదల్లేదు.

"లేదని నాకూ తెలుసు," అంది మేడమ్. "అలిసిపోయింది అని రాయడానికి ఈ ఫారంలో గడి లేదమ్మా."

"కింద ఖాళీ ఉంది కదా మేడమ్. లెక్కపెట్టలేకపోతున్నాను అని రాయండి."

"రాస్తే ఈ వేసవి గంటలన్నీ కొట్టేస్తారు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. నీ స్నేహితులకంటే ఏడాది వెనకపడతావు."

"ఊ," అంది.

ఆవిడ చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత రాసింది. నేను తలకిందులుగా చదివాను. పిల్ల చెప్పిన మాటలే రాసింది, ఒక్క అక్షరం కలపలేదు.

అత్తగారు పదకొండు రోజులు వార్డులో ఉంది. లోపలికి మమ్మల్ని రానివ్వరు. రోజూ సాయంత్రం ఫోను చేసి "నిలకడగా ఉంది" అనేవారు. నిలకడగా ఉందంటే ఎంత ఉంది, ఎవరు చూశారు, నిలబడి చూశారా, కూర్చుని రాశారా అని అడిగేదాన్ని. అవతలివాళ్ళు విసుక్కునేవారు. పొడుగమ్మాయి ఒకరోజు తనే చేసింది.

"ఆంటీ, మీకు నా మీద కూడా నమ్మకం లేదని తెలుసు," అంది. "కానీ ఇప్పుడు తప్పించుకోవడానికి లేదు. మేడమే వాచీ పట్టుకుని మా పక్కన నిలబడుతోంది. మనిషికి పది మంచాలే ఇస్తోంది. బామ్మగారికి ఇవాళ ఇరవై తొమ్మిది."

"నిన్న ఎంత?"

"ఇరవై ఏడు. పెరిగింది ఆంటీ."

చెడ్డ అంకె అది. కానీ లెక్కపెట్టిన అంకె. ఫోను పెట్టేశాక ఎందుకో ఆ పూట మాత్రం నాకు ఆకలేసింది.

ఇంట్లో మా ఆయన కూతురితో మాట్లాడలేదు. తిట్టలేదు, అడగలేదు. అది కూర్చున్న గదిలోంచి లేచి వెళ్ళేవాడు కూడా కాదు, ఊరికే గోడని చూసేవాడు. తొమ్మిదో రోజున బూట్లు విప్పుకుంటూ, "తిన్నదా అది?" అని నన్నడిగాడు. పదో రోజున, "తిన్నావా?" అని దాన్నే అడిగాడు. అది ఆ రోజులన్నీ నిద్రపోయింది. లేచేది, రెండు ముద్దలు తినేది, మళ్ళీ పడుకునేది. ఒకసారి నిద్రలో ఏడవడం విని వెళ్ళి చూశాను. నిద్రలో కాదు, మెలకువగానే ఉంది. ఏడుపు తిరిగి వచ్చినందుకు సంతోషించాలో లేదో తెలియక, తలుపు దగ్గరే కాసేపు కూర్చుని వచ్చేశాను.

అత్తగారిని ఇంటికి తెచ్చిన రోజుకి ఆవిడ సగమైపోయింది. జాకెట్టు భుజాల మీద నిలవక జారుతోంటే నేను అటూ ఇటూ ఒకటిన్నర అంగుళం లోపలికి పట్టి కుట్టాను. ఆసుపత్రి కాగితంలో, వారం పాటు పొద్దునా సాయంత్రం ఊపిరి లెక్కపెట్టి రాసుకోవాలి అని ఉంది. ఆ కాగితం ముగ్గురం చదివాం. పిల్లకి ఎవరం ఏమీ చెప్పలేదు. నేనే చేద్దామని చీర కొంగుకి చేతులు తుడుచుకుని లేచేసరికి, వెనక గదిలో కుర్చీ లాగిన చప్పుడైంది.

నేను పెరట్లోకి వెళ్ళాను. ఆ రోజు ఆరేయడానికి బట్టలు కూడా లేవు. కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మా అమ్మాయి మంచం దగ్గరగా కూర్చుని ఉంది. నానమ్మ మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుంది, కుడి చేతిలో వాళ్ళ నాన్న గడియారం.

"పద్దెనిమిది రాసెయ్యవే," అంది అత్తగారు. "ఇద్దరం కాసేపు పడుకుందాం."

"మాట్లాడకు నానమ్మా. లెక్క పోతుంది."

మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. పదో, పదకొండో అయినట్టుంది, దాని పెదాలు ఆగిపోయాయి. లేచి వచ్చేస్తుందనుకున్నాను. అత్తగారు కళ్ళు మూసుకునే ఉంది, చెయ్యి ఊపలేదు, వెళ్ళి పడుకోవే అనలేదు. కాసేపటికి పిల్ల ఆ చేతిని మార్చి పట్టుకుని, గడియారం మళ్ళీ చూసుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టింది.

దానితో పాటు నేనూ మొదలుపెట్టాను. నమ్మకం లేక కాదని ఇప్పుడు చెబితే మీరు నమ్మరు, నేనూ నమ్మను. అది తల ఎత్తేసరికి నా లెక్క ఇరవై రెండు.

అది ముందు గదిలోకి వెళ్ళేదాకా ఆగి, మేకు దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచాను. కొత్త పేజీ, మూడు గడులు. మూడో గడిలో ఇరవై మూడు అని ఉంది.

ఒకటి తేడా. అక్కడే నిలబడి ఆలోచించాను. పద్నాలుగో, పదిహేనో దగ్గర నేను ఒకసారి అత్తగారి మీంచి చూపు తప్పించి, నా కూతురి మొహం వంక చూశాను. నేను పోగొట్టుకున్న ఆ ఒక్కటీ అక్కడే పోయి ఉంటుంది.